ఒక ఇంట్లో మూడు జవాబులు: ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

వైకల్యం ఉన్న బిడ్డ పెరుగుతున్న ఇంట్లో భారం ఎవరి మీద, ఎంత, ఎందువల్ల పడుతోందన్నది ఈ ప్రాజెక్టు తేల్చుకోవలసిన ప్రశ్న. కుటుంబాలపై అధ్యయనాలుగా అచ్చయిన పత్రాలను వరుసగా చదువుతూ పోతే, వాటిలో చాలావాటికి జవాబులిచ్చింది తల్లి ఒక్కతే అని తెలుస్తుంది. ఆస్పత్రికైనా, వైకల్యం ఉన్న పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అందించే ప్రభుత్వ భవిత కేంద్రానికైనా బిడ్డను చంకన వేసుకుని వచ్చేది ఆమే కాబట్టి పరిశోధకులకు సులువుగా దొరికేదీ ఆమే. అలా దొరికిన మనిషి చెప్పిన మాటకు కుటుంబం అనే పేరు పెట్టేస్తున్నాము. పిల్లల మానసిక సమస్యల పరిశోధనలో తండ్రుల ఊసే సరిగా లేదని అమెరికన్ మనస్తత్వవేత్త విక్కీ ఫేర్స్ 1992లోనే గట్టిగా ప్రశ్నించారు. మన పల్లెల్లో తండ్రితో పాటు నాయనమ్మనో, అమ్మమ్మనో కూడా ఆ ప్రశ్నలో చేర్చుకోవాలి.

అందుకని ప్రతి ఇంటి నుంచి కనీసం ముగ్గురితో విడివిడిగా మాట్లాడాలని మొదటే నిర్ణయించుకున్నాము. తల్లి, తండ్రి, ఇంట్లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు. వీలైన చోట తోడబుట్టినవాళ్లలో పెద్దపిల్ల లేదా పెద్దపిల్లాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా, మేము రెండింటికే పరిమితమవుతున్నాము: మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ), మేధో వైకల్యం. ఊళ్లో వీటిని సీపీ పిల్లలనీ, ఎంఆర్ పిల్లలనీ అంటారు. ఈ రెండింటిలోనూ రోజువారీ ఆలనాపాలనా ఎక్కువగా ఉంటుంది, ఏళ్ల తరబడి సాగుతుంది.

స్థలం నారాయణపేట జిల్లా. 2019 ఫిబ్రవరిలో పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడిన ఈ జిల్లాను ఎంచుకోవడానికి కారణం వలస. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికో, పూణెకో, హైదరాబాదుకో పనికి పోయే పాలమూరు కూలీ ఇంట్లో బిడ్డను చూసుకునే బాధ్యత ఎలా చేతులు మారుతుందో చూడాలి. ఇద్దరూ పనికి పోయిన ఇళ్లలో తల్లి స్థానంలో ముసలితల్లి ఉంటుంది. అక్కడ తల్లికి ఇచ్చే ప్రశ్నావళి ఎవరికివ్వాలి? మేము వెళ్లే రెండు మండలాల పేర్లు ఈ డైరీలో రాయను. చిన్న ఊళ్లలో సీపీ పిల్ల ఉన్న ఇల్లు ఏదో అందరికీ తెలుసు, మండలం పేరు చెబితే ఇంటి నంబరు చెప్పినట్టే.

జూన్, చివరి వారం

ప్రశ్నావళుల ఎంపిక ముగిసింది. ప్రధాన సాధనంగా శైలా పాయ్, ఆర్.ఎల్. కపూర్ 1981లో ప్రచురించిన కుటుంబ భారం ఇంటర్వ్యూ షెడ్యూలును తీసుకున్నాము. మానసిక రోగుల కుటుంబాల కోసం మన దేశంలోనే తయారైన ఈ షెడ్యూలులో ఆరు విభాగాలున్నాయి: డబ్బు, రోజువారీ పనులు, తీరిక సమయం, ఇంట్లోవాళ్ల మధ్య సంబంధాలు, ఇతరుల శారీరక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం. ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు అని మార్కు వేసేది ఇంటర్వ్యూ చేసే మనిషే. కాగితం చేతికిచ్చి నింపమనే పద్ధతి కాదు కాబట్టి చదువురాని నాయనమ్మకూ ఇది పనికొస్తుంది. చివరలో ఒకే ఒక్క సూటి ప్రశ్న ఉంటుంది: మొత్తం మీద మీరెంత బాధపడ్డారని. బయటికి కనిపించే భారానికీ, మనిషి లోపల మోస్తున్న భారానికీ మధ్య గీత గీసేది ఆ ప్రశ్నే.

అవసరాల కోసం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ రూపొందించిన కుటుంబ అవసరాల షెడ్యూలు ఉంది. 1984లో మొదలైన ఆ సంస్థ పేరు ఇప్పుడు మారినా, పాలమూరు తల్లిదండ్రులకు అది నేటికీ బోయినపల్లి ఆస్పత్రే. ఆ షెడ్యూలులో తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, తాతనాయనమ్మలకు వేర్వేరు రూపాలుండడం మా పనికి సరిగ్గా సరిపోయింది. ముప్పై ఏళ్ల కిందటే తాతనాయనమ్మలకు ప్రత్యేకంగా ఒక కాగితం ఉండాలని తోచినవాళ్లు మన దగ్గర ఉన్నారన్నది నాకు ఆనందంగానూ, ఆ కాగితాన్ని తర్వాతి పరిశోధకులు అంతగా వాడుకోకపోవడం కొంచెం చిరాగ్గానూ ఉంది.

తల్లిదండ్రుల ఒత్తిడిని కొలవడానికి విదేశాల్లో విరివిగా వాడే అబిడిన్ సూచికను పక్కన పెట్టాము. అది మంచి సాధనమే. కానీ అది అడిగేది బిడ్డనూ తల్లిదండ్రులనూ కలిపి ఒక జంటగా చూసే ప్రశ్నలు. అత్త, ఆడబిడ్డ, తోడికోడలు ఉన్న వాకిట్లో ఆ ప్రశ్నలు సగం ఇంటినే చూస్తాయి.

జూలై

నైతిక కమిటీ అనుమతి వచ్చింది. కమిటీ సభ్యులు ఎక్కువసేపు చర్చించింది మా నమూనా గురించో, గణాంకాల గురించో కాదు, ఒకే ఒక్క ప్రశ్న గురించి. కుంగుబాటును గుర్తించడానికి మేము వాడుతున్న తొమ్మిది అంశాల పీహెచ్‌క్యూ ప్రశ్నావళిలో చివరిది, గడచిన రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండునని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అని అడుగుతుంది. నారాయణపేట పల్లెలో ఒక తల్లి దానికి అవునని చెబితే, ఆ సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయే మేము ఏం చేస్తామన్నది వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్న.

మేము రాసిచ్చిన పద్ధతి ఇది. ఆ అంశానికి సున్నా తప్ప వేరే ఏ జవాబు వచ్చినా ఇంటర్వ్యూ అక్కడితో ఆగుతుంది, రికార్డింగు ఆపేస్తాము, తర్వాత ఏం అడగాలో ముందే సాధన చేసి ఉంటాము: ఆలోచన మాత్రమేనా, ఎలా అన్నది కూడా మనసులో ఉందా, ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారు, ఈ సంగతి ఎవరికైనా చెప్పారా. అవసరమైతే అక్కడి నుంచే 14416కు, అంటే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్‌కు ఫోను కలుపుతాము. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడిని కలవడానికి తోడుగా ఎవరు వస్తారో ఆమెతోనే తేల్చుకుంటాము. రెండు రోజుల్లో మళ్లీ పలకరిస్తాము. పత్తి పండే ఊళ్లలో పురుగుమందు గురించి అడగడం మర్యాద తప్పినట్టు అవుతుందేమోనని మా బృందంలో ఒకరు సంకోచించారు. అడగకపోవడమే ప్రమాదమని కమిటీలోని వైద్యురాలు తేల్చి చెప్పారు.

సమ్మతి పత్రం చదివి వినిపిస్తాము. సంతకం రాకపోతే వేలిముద్ర, దానికి మా బృందంతో సంబంధం లేని ఒక సాక్షి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఆ పిల్లల ఇష్టాన్నీ విడిగా అడుగుతాము. పింఛనుకూ ఈ మాటలకూ సంబంధం లేదని రెండు సార్లు చెప్పాలని నియమం పెట్టుకున్నాము. ఎందుకంటే తెలంగాణలో దివ్యాంగులకు నెలకు వచ్చే 4,016 రూపాయలు ఈ ఇళ్లలో చాలా పెద్ద మొత్తం. కాగితాలు పట్టుకుని వచ్చిన ఎవరైనా దాన్ని పెంచడానికో, తీసేయడానికో వచ్చారనే అనుకుంటారు. పింఛను పోతుందనే భయం ఉంటే బిడ్డ కష్టాన్ని ఎక్కువ చేసి చెబుతారు. మేము మేలు చేస్తామనే ఆశ ఉన్నా అదే జరుగుతుంది.

బృందానికి ఇచ్చిన శిక్షణలో ఒక పూట మన మనస్తత్వ శాస్త్రం చరిత్రకే కేటాయించాను. ఆటిజాన్ని 1943లో వర్ణించిన లియో కానర్ ఆ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత కొరవడిందని కూడా రాశాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ మాటను పట్టుకుని తల్లి నిరాదరణే కారణమన్నంత దూరం వెళ్లాడు. తానే ఒక ఆటిస్టిక్ కొడుకుకు తండ్రి అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఇది శరీరధర్మానికి సంబంధించిన స్థితి అని వాదించినా, ఆ నింద తల్లుల నెత్తి మీద నుంచి దిగడానికి చాలా ఏళ్లు పట్టింది. మన పల్లెలో తల్లిని గ్రహణం చూసిందనో, పూర్వజన్మ పాపమనో అంటే మనం నవ్వుకుంటాము. అదే నిందను చదువుకున్నవాళ్లు సిద్ధాంతంగా రాసినప్పుడు అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

మేనరికం గురించి కూడా అదే పూట మాట్లాడుకున్నాము. దగ్గరి సంబంధాల్లో కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందన్నది నిజం. అయితే మస్తిష్క పక్షవాతానికి నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన తొలి రోజుల్లో కామెర్లు తీవ్రం కావడం వంటివి ముఖ్య కారణాలు. వైద్యులు మేనరికమా అని అడగడం కేసు షీటులో ఒక గడి నింపడానికే అయినా, తల్లి దాన్ని తీర్పుగా వింటుంది. మా ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నను ఆఖరున ఉంచాము, దానికి ముందు కాన్పు ఎక్కడ, ఎలా జరిగిందో మొత్తం ఆమెనే చెప్పనిస్తాము.

ఆగస్టు

ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. మండల కేంద్రంలోని భవిత కేంద్రం నుంచి కుటుంబాలతో పరిచయం ఏర్పడుతోంది. కేంద్రంలో ఒక నిలువుటద్దం, దాని ముందు రెండు సమాంతర కడ్డీలు, మూలలో నడుముకు బెల్టు ఉన్న చెక్క కుర్చీ, గోడకు పిల్లలు నొక్కితే చప్పుడయ్యే బొమ్మలు ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు వారంలో ఒక్క రోజే వస్తారు కాబట్టి ఆ రోజు గది కిక్కిరిసి ఉంటుంది. మిగిలిన రోజుల్లో పని అంతా సమ్మిళిత విద్య టీచర్లది, అంటే ఊళ్లో ఐఈఆర్‌పీ సారు, టీచరమ్మ అని పిలిచేవాళ్లది. శనివారాల్లో కదలలేని పిల్లల ఇళ్లకు వాళ్లే వెళతారు. మేము కూడా వాళ్లతో వెళ్లడం మొదలుపెట్టాము. ముందు వాళ్ల పని ముగిసేదాకా వాకిట్లో కూర్చోవడం మా నియమం.

ఒక ఇంటి గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఏడేళ్ల బాబు, నాలుగు అవయవాలూ బిగుసుకుపోయిన మస్తిష్క పక్షవాతం. తల్లిదండ్రులు ఇద్దరూ పూణెలో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. బాబు నాయనమ్మ దగ్గర ఉన్నాడు. మేము వెళ్లేసరికి ఆమె అన్నం పెట్టే వేళ. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, బాబును తన ఎడమ తొడ మీద ఏటవాలుగా కూర్చోబెట్టుకుంది. ఎడమ మోచేతితో తలను వెనక్కి వాలిపోకుండా ఆపి, అదే చేతి బొటనవేలు, చూపుడువేలు గదవ కింద పెట్టి నోరు మూసుకునేందుకు ఊతమిస్తోంది. కుడిచేత్తో పలుచగా కలిపిన జొన్న గటకను వేలి కొసతో నాలుక నడుమ పెడుతోంది. ముద్ద మింగాడో లేదో గొంతు మీద చూపు పెట్టి, మింగాకే రెండోది. మధ్యలో మేము పలకరించబోతే ఆమె తల కూడా ఎత్తలేదు.

"నడుమల ఆపితె మల్ల నోరు తెర్వడు, జర ఆగుండ్రి" అంది.

దవడకు ఊతమివ్వడం, ముద్ద మింగాకే మరొకటి పెట్టడం స్పీచ్ థెరపిస్టులు ప్రత్యేకంగా నేర్పే పద్ధతులు. ఈమెకు ఎవరూ నేర్పలేదట. గొంతులో అడ్డం పడి ఒకసారి ప్రాణం మీదికి వచ్చినప్పటి నుంచి తనంతట తానే ఇలా పట్టుకోవడం మొదలుపెట్టానని చెప్పింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి దాదాపు గంట గడిచింది. అప్పటికి ఆమె ఇంకా తినలేదు.

ఆ తర్వాత షెడ్యూలులోని తీరిక సమయం విభాగానికి వచ్చాము. బిడ్డ వల్ల మీ వినోదం ఏమైనా ఆగిపోయిందా అన్న అర్థం వచ్చే ప్రశ్న అది. బతుకమ్మకు పోతావా అవ్వా, జాతరకు పోతావా, పక్కింటి అరుగు మీద కూర్చుంటావా అని విడగొట్టి అడిగాము. అరుగు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది. పక్కింటి అరుగు మీదికి బాబును తీసుకుపోతే చొల్లు కారుస్తాడని ఎవరో అన్నారట, అప్పటి నుంచి పోవడం లేదు. డబ్బు, నిద్ర, నడుం నొప్పి, ఇవన్నీ అడిగినప్పుడు ఏముందిలే అన్నట్టు చెప్పిన మనిషి ఈ ఒక్క సంగతి దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మొత్తం మీద ఎంత బాధపడ్డావు అన్న చివరి ప్రశ్నకు ఆమె జవాబు: "నాకేం బాధ బిడ్డా. వాళ్ల నాయినకే బాధ." షెడ్యూలు ప్రకారం దానికి సున్నా వేయాలి. ఆరు విభాగాల్లో ఎన్నో రెండ్లు, ఆఖరున సున్నా. సున్నానే వేశాము. ఆమె మాటను మాత్రం అక్షరం పొల్లుపోకుండా పక్కన రాసుకున్నాము.

సెప్టెంబరు

ఈ నెల వానల వల్ల ఇళ్లకు వెళ్లడం తగ్గింది. బదులుగా జిల్లా ఆస్పత్రిలో సదరం శిబిరం జరిగిన రోజున కుటుంబాలతో పాటు వరుసలో నిల్చున్నాము. వైకల్యం 40 శాతానికి తక్కువ కాకుండా ఉందని ధ్రువపత్రం వస్తేనే పింఛను గానీ, ఇతర సదుపాయాలు గానీ అందుతాయి. మీసేవలో స్లాటు దొరకడం ఒక ఎత్తు, ఆ తేదీకి బిడ్డను తీసుకుని పొద్దున్నే చేరుకోవడం మరో ఎత్తు.

వరుసలో నాకు కనిపించింది దాదాపు అంతా ఆడవాళ్లే. దీనికి పల్లెలో వెంటనే చెప్పే కారణం, పిల్లల సంగతి ఆడవాళ్లదే అని. ఒక తల్లి మాత్రం ఇంకో కారణం చెప్పింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అంతకు ముందు ఆమె భర్త పనిలేని రోజుల్లో తోడు వచ్చేవాడు, బిడ్డను చెరికాసేపు ఎత్తుకునేవారు. ఇప్పుడు, "నీకెట్లనూ టికెట్ లేదు గద, నేనొస్తె పోను రాను కిరాయి దండుగ" అని ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ ఉచిత ప్రయాణం వల్లే ఆమె నెలకు ఒకసారి వచ్చే చోటికి ఇప్పుడు వారంవారం రాగలుగుతోంది. ఆ మేలు చిన్నది కాదు, ఆమే చెప్పింది. అదే సదుపాయం పదహారు కిలోల బిడ్డను మోసే పనిని పూర్తిగా ఆమె భుజం మీదికే తెచ్చింది. ఏ ప్రశ్నావళిలోనూ ఇది రాదు. వైకల్యం తీవ్రత మారలేదు, ఇంటి ఆదాయం మారలేదు, తల్లి స్వభావం మారలేదు, కానీ ఎవరు మోస్తారన్నది మారింది.

దీన్ని మా విశ్లేషణలోకి తేవడానికి ప్రతి ఇంటికీ ఒక పనుల పట్టిక చేర్చాము. నిన్న పొద్దున లేచింది మొదలు బిడ్డకు సంబంధించిన ప్రతి పనీ, అంటే మూత్రం బట్టలు మార్చడం, కాళ్ల స్ప్లింట్లు కట్టడం, మూర్ఛ మందు వేయడం, దించడం ఎత్తడం, ఎవరు చేశారు, వాళ్లు లేకపోతే ఎవరు చేస్తారు అని అడుగుతున్నాము. రెండో ప్రశ్నకే జవాబు ఆలస్యంగా వస్తుంది. చాలా ఇళ్లలో అది రాదు.

నవంబరు, కార్తీకం

తండ్రుల ఇంటర్వ్యూలన్నీ ఈ కాలానికే దాచి ఉంచాము. దసరా, దీపావళికీ, దాని వెంటే వచ్చే కురుమూర్తి జాతరకూ వలస పోయినవాళ్లు ఊళ్లకు వస్తారు. వాళ్లతో మాట్లాడే పని మా సహ పరిశోధకుడికి అప్పగించాము. అతనూ పాలమూరు వాడే, మాట కలిపే తీరు తెలిసినవాడు. నా ముందు వాళ్లు మేడం, మేడం అంటూ రెండు ముక్కల్లో ముగిస్తారని మొదటి ఇంటిలోనే అర్థమైంది. ఇంట్లో కూర్చోబెట్టి అడగడం కూడా మానేశాము. చెరువు కట్ట మీదనో, పొలం గట్టు మీదనో, బండి మీద పోతూ పోతూనో మాటలు సాగాయి.

తండ్రుల షెడ్యూళ్లలో డబ్బు విభాగమే అత్యధికంగా నిండింది, ఇందులో ఆశ్చర్యం లేదు. బిడ్డ ఆపరేషనుకో, హైదరాబాదు ప్రైవేటు ఆస్పత్రిలో నెలలు నిండని బిడ్డను పెట్టెలో ఉంచినందుకో చేసిన అప్పు ఇంకా తీరని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ అప్పు తీర్చడానికి మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సే వాళ్లను ఊరు దాటిస్తోంది. బిడ్డ కోసం చేసిన అప్పు తండ్రిని బిడ్డకు దూరం చేస్తోంది. మేధో వైకల్యం ఉన్న ఒక ఆరేళ్ల పాప తండ్రి మాటను ఇక్కడ రాస్తున్నాను: "ఈడుంటె పైసల్ రావు సార్, ఆడుంటె బిడ్డ నన్ను గుర్తు వడ్తలేదు. మొన్న ఇంట్ల అడుగు వెడితె నన్ను జూసి ఏడ్సింది."

తల్లి ఇంటర్వ్యూలో ఆయన గురించి ఉన్న మాట: పైసలు పంపుతడు, పట్టించుకోడు. నాయనమ్మ మాట: వాడు పోయేటప్పుడు బస్టాండ్ల ఏడుస్తడు, దానికి తెల్వది. ఒకే ఇల్లు, ఒకే మనిషి. తల్లి కాగితం ఒక్కటే మా దగ్గర ఉండి ఉంటే, పట్టించుకోని తండ్రి అనే కోడ్ కింద ఆయన్ను వేసి ముందుకు పోయేవాళ్లం.

జనవరి

తోబుట్టువుల ఇంటర్వ్యూలు సంక్రాంతి సెలవుల్లో కొన్ని జరిగాయి. వాటి గురించి ఎక్కువ రాయను, పిల్లల మాటలు అంత తొందరగా బయట పెట్టవలసినవి కావు. ఎనిమిదో తరగతి చదివే ఒక అక్క, తమ్ముడి గురించి స్నేహితురాళ్లకు చెప్తావా అని అడిగితే "అడిగితె చెప్త, అడగకుంటె చెప్ప" అంది. అదే అమ్మాయి పనుల పట్టికలో పొద్దునా సాయంత్రమూ తమ్ముడికి మూర్ఛ మందు వేసే మనిషిగా కనిపిస్తుంది. తల్లి ఇంటర్వ్యూలో ఆ పని తల్లి పేరు మీద ఉంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు: మందు కొని తెచ్చి, అయిపోకముందే గుర్తుపెట్టుకునేది తల్లి.

పెళ్లి సంబంధాల ప్రస్తావన మేము అడగకుండానే పెద్దవాళ్లందరూ తెచ్చారు. పిల్లను చూసుకోవడానికి వచ్చినప్పుడు తమ్ముణ్ని పక్కింట్లో ఉంచిన ఇల్లు ఒకటి, ముందే చెప్పి రమ్మన్న ఇల్లు ఒకటి ఈ నెలలోనే విన్నాము.

ఫిబ్రవరి

రాసుకున్న మాటలన్నీ టైపు చేయడం, కోడ్ చేయడం జరుగుతోంది. ఇద్దరు విడివిడిగా వేసిన మార్కులు ఎంతవరకు కలుస్తున్నాయో చూడడానికి 1960లో జాకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా సూచికను వాడుతున్నాము. ఒకే ఇంటర్వ్యూకు మా ఇద్దరి మార్కులు కలవకపోతే అది సరిదిద్దుకోవలసిన తేడా. ఒకే ఇంట్లో ముగ్గురు సభ్యుల మార్కులు కలవకపోవడం సరిదిద్దవలసినది కాదు, మేము వెతుక్కుంటూ వచ్చినదే అది. ముగ్గురి మార్కుల సగటు తీసి కుటుంబ భారం అని ఒక అంకె ఇవ్వాలని సలహా ఇచ్చిన సమీక్షకుడికి ఇదే రాశాను. ఆ ఇంట్లో నాయనమ్మకు అంత ఎక్కువ, తండ్రికి అంత తక్కువ ఎందుకు ఉందో చెప్పే సమాచారాన్ని సగటు తుడిచేస్తుంది.

సిద్ధాంతం విషయంలో రూబెన్ హిల్ 1949లో ప్రతిపాదించిన ఏబీసీఎక్స్ నమూనాను, 1980లలో మెక్‌కబిన్, ప్యాటర్సన్ దాన్ని విస్తరించిన రూపాన్ని ముందు పెట్టుకున్నాము. యుద్ధానికి పోయిన భర్తలు, వెనక మిగిలిన ఇళ్లు హిల్ చూసిన కుటుంబాలు. వచ్చిపడిన కష్టం, ఇంటికున్న వనరులు, ఆ కష్టాన్ని ఇల్లు అర్థం చేసుకునే తీరు, ఈ మూడూ కలిసి సంక్షోభం ఎంతదో నిర్ణయిస్తాయంటుంది ఆ నమూనా. భర్త దూరంగా ఉన్న ఇళ్ల నుంచి పుట్టిన సిద్ధాంతం కనుక పాలమూరు వలసకు చాలావరకు సరిపోతోంది. సరిపోనిది ఒక చోట: అది కుటుంబాన్ని ఒకే వనరుల మూటగా లెక్కిస్తుంది. ఆ మూట తాళం ఎవరి దగ్గర ఉందన్నది అడగదు. పింఛను ఎవరి చేతికి వస్తోంది, సెల్‌ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఆస్పత్రికి పోదామని నిర్ణయించేది ఎవరు అన్న మూడు ప్రశ్నలను అందుకే విడిగా విశ్లేషిస్తున్నాము.

ఇంకొక అంశం దుఃఖం గురించి. తల్లిదండ్రులు నిరాకరణ, కోపం, ఆఖరుకు అంగీకారం అనే మెట్లు ఎక్కుతారన్న నమూనా శిక్షణ తరగతుల్లో విస్తారంగా చెబుతారు. అది చావుకు చేరువైన రోగులతో మాట్లాడి 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ చెప్పిన క్రమం నుంచి తెచ్చుకున్నది. మాకు దొరికిన మాటలు ఆ మెట్ల మీద కూర్చోవడం లేదు. 1962లో సైమన్ ఒల్షాన్‌స్కీ ఈ తల్లిదండ్రుల దుఃఖం జీవితకాలమంతా వచ్చిపోతూ ఉండేదని, అది రోగం కాదు సహజమని, పూర్తిగా అంగీకరించండని వాళ్లను తొందరపెట్టే పని నిపుణులు మానుకోవాలని రాశాడు. మా ఇంటర్వ్యూల్లోనూ అది అలాగే వచ్చిపోతోంది: ఈడు పిల్లలు బడికి పోయే జూన్‌లో, ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు, చెల్లెలి పెళ్లి పత్రిక రాయించేటప్పుడు. మధ్య కాలాల్లో అదే తల్లి నవ్వుతూ, బిడ్డ ఏ పాటకు చేతులాడిస్తాడో చేసి చూపిస్తుంది. ఇంకా అంగీకార దశకు రాలేదు అని కేసు షీటులో రాసేవాళ్లు ఈ నవ్వును ఏ దశ కింద వేస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది.

మార్చి

మధ్యంతర నివేదిక కమిటీకి వెళ్లకముందే, అందులోని ముఖ్యాంశాలను కుటుంబాలకు చదివి వినిపించాలన్నది మొదట ఇచ్చిన మాట. భవిత కేంద్రంలో సమావేశం పెట్టాము. ఎవరి ఇంటి మాటా గుర్తుపట్టేలా లేకుండా జాగ్రత్తపడ్డాము. పనుల పట్టికలన్నిటినీ కలిపి గోడకు ఒక పెద్ద చార్టుగా అంటించి, అమ్మ చేసే పనులకు ఒక రంగు, నాయనమ్మకు ఒకటి, అక్కలకు ఒకటి, నాయినకు ఒకటి వేశాము. చదువురాని వాళ్లకు కూడా ఆ రంగులు చదవడం కష్టం కాలేదు. ఒక తాత చార్టు దగ్గరికి వెళ్లి తండ్రుల రంగు ఎక్కడుందో వేలితో వెతికాడు.

సమావేశంలో ఎక్కువసేపు నడిచిన చర్చ మా ఫలితాల మీద కాదు, మా తర్వాత ఎవరు అన్న దాని మీద. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించే వీలుంది. కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ఆ పని చేస్తుంది. పద్దెనిమిది దాటిన బిడ్డ పేరున ఉన్న భూమి పత్రాల మీద గానీ, బ్యాంకు కాగితాల మీద గానీ తల్లిదండ్రుల సంతకం సరిపోదన్నది చాలామందికి ఆ రోజే తెలిసింది. అదే ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా, లక్ష రూపాయల వరకు, గది మొత్తం మీద ఒకరిద్దరికి మాత్రమే తెలుసు. మేము పరిశోధకులమే గానీ సేవాసంస్థ కాదు, అయినా ఈ రెండు దరఖాస్తుల వివరాలు చెప్పకుండా ఆ గది నుంచి లేచి రావడం కుదిరే పని కాదు. ఐఈఆర్‌పీ టీచర్లు వాటిని నెలవారీ తల్లిదండ్రుల సమావేశంలో పెట్టడానికి ఒప్పుకున్నారు. దీని వల్ల తర్వాతి విడత జవాబుల్లో మార్పు వస్తే అది మా జోక్యం ఫలితమని నివేదికలో స్పష్టంగా రాయాలి.

కమిటీకి పంపుతున్న సవరణల్లో ప్రధానమైనవి రెండు. ఇద్దరు తల్లిదండ్రులూ వలసలో ఉన్న ఇళ్లలో నాయనమ్మనే ప్రధాన సంరక్షకురాలిగా నమోదు చేసి, పీహెచ్‌క్యూతో సహా అన్ని సాధనాలనూ ఆమెకు వర్తింపజేయడం మొదటిది. ఇంతవరకు ఆమెకు షెడ్యూలు మాత్రమే ఉండేది. పనులు జరిగే నగరంలో కూలీల గుడిసెల దగ్గరే తండ్రులతో, వెంట వెళ్లిన తల్లులతో మాట్లాడేందుకు అనుమతి రెండోది. పండగకు ఊరొచ్చిన తండ్రి మాటా, పని మధ్యలో ఉన్న తండ్రి మాటా ఒకలాగే ఉంటాయని నేననుకోవడం లేదు. అనుమతి వస్తే ఉగాది దాటాక పూణె వెళ్లాలి. గటక తినే బాబు తల్లిదండ్రులు అక్కడ ఏ సైటులో ఉన్నారో నాయనమ్మ ఫోను నంబరు ఇచ్చింది. ముందు వాళ్లకు ఫోను చేసి, మేము రావడం వాళ్లకు ఇష్టమేనా అని అడగాలి.